ఆర్సీఎం (రోమన్ కతోలిక) కుటుంబంలో పుట్టా, మనసు ఇస్లాం వైపు లాగుతోంది, కానీ సిలువ దగ్గర ఆగిపోతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి

రాత్రి_డ్యూటీ:

అందరికీ నమస్తే. ముందే చెప్తున్నా, ఇందులో లవ్ మేటర్ లేదు, నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, డబ్బు ఆశ లేదు, దయచేసి ఆ మాటలు వద్దు. నాకు 27. నెల్లూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా, మాది సింగరాయకొండ దగ్గర పల్లె. తాతల కాలం నుంచి ఆర్సీఎం. మా తమ్ముడు సెమినరీలో ఉన్నాడు, దేవుడి దయ ఉంటే ఫాదర్ అవుతాడు, అందుకని నేను ఏ అడుగు వేసినా అది నా ఒక్కదాంతో పోదు.

ఎట్టా మొదలైందంటే, నాతోపాటు ఐసీయూలో చేసే అక్క ఒకామె ముస్లిం. నైట్ డ్యూటీలో తెల్లారుజామున స్టోర్ రూములో గ్లవ్స్ డబ్బాల పక్కన కాస్త జాగా చేసుకుని దుప్పటి పరిచి నమాజు చేసుకుంటుంది. ముందు వజూ. ముక్కులోకి నీళ్ళు ఎక్కించి చీదడం, మోచేతుల దాకా కడుక్కోవడం, తడి చేత్తో తల తుడుచుకోవడం, చివరికి కాళ్ళు. పక్కన మానిటర్లు బీప్ బీప్ అంటానే ఉంటాయి, ఆమె నుదురు నేలకి ఆనించి ఉంటుంది. ఐదారు నిమిషాలే. మళ్ళీ వచ్చి పేషెంటుకి సక్షన్ చేస్తుంది. ఆ టైములో ఆమె మొహంలో ఉండే నిమ్మళం నాకు పూజలో ఎప్పుడూ దొరకలేదు, ఇది రాయడానికి నాకే బాధగా ఉంది కానీ నిజం.

2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది, మా విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. ఇద్దరం ఒకే వార్డులో ఉపవాసాలు. మాకు చర్చి నియమం ప్రకారం తప్పనిసరి ఉపవాసం విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే ఆ రెండు రోజులే, ఆమె నెలంతా పగలు గుటక నీళ్ళు లేకుండా. అప్పట్నుంచి తెలుగులో ఖురాన్ చదవడం మొదలుపెట్టా. 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్. ఖర్జూర చెట్టు మొదట్లో నొప్పులు పడతా, దీనికంటే ముందే చచ్చిపోయి ఉంటే బాగుండేది అని మరియమ్మ అనుకునే చోట నాకు ఏడుపు ఆగలేదు. లేబర్ రూములో పోస్టింగ్ చేసినప్పుడు అదే మాట ఎంతమంది నోట విన్నానో. మన లూకా సువార్తలో ప్రసవం ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ఇక నా సందేహాలు. పిత, పుత్ర, పవిత్రాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అనేది చిన్నప్పుడు మా ఊరి ఉపదేశిగారు పరమ రహస్యం అని చెప్పి వదిలేశారు, నేనూ వదిలేశా. ఇప్పుడు మాత్రం మార్కు 13:32లో ఆ దినం సంగతి కుమారుడికి కూడా తెలియదు అని చదివినా, గెత్సెమనే తోటలో యేసు నేలమీద సాగిలపడి తండ్రిని వేడుకున్నాడని చదివినా, ఆయన కూడా ఒకరికి సజ్దా చేస్తున్నాడు కదా, మరి నేను ఆ ఒకరికే చేస్తే చాలదా అనిపిస్తోంది. ఒక్కడే దేవుడు, ఆయన్ని ఎవరూ కనలేదు, ఆయన ఎవరినీ కనలేదు అనే మాట వింటే గుండె తేలికవుతుంది.

కానీ అవతలి వైపు కూడా గోడ ఉంది. ఖురాన్ 4:157లో ఆయన్ని చంపలేదు, సిలువ వెయ్యలేదు, వాళ్ళకి అట్టా అనిపించేలా చేయబడింది అని ఉంది. అక్కడ నేను ఆగిపోతున్నా. మా అమ్మమ్మ కేన్సర్‌తో పోయింది. చివర్లో మార్ఫిన్ కూడా పని చెయ్యలేదు. జపమాల చివరుండే సిలువని ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు విడదీసినప్పుడు అరచేతిలో అచ్చు పడి ఉంది. నొప్పి తెలిసిన దేవుడు అనే ఒక్క మాట మీద ఆమె పోయింది. నేను రోజూ చావులు చూసే ఉద్యోగంలో నిలబడింది కూడా ఆ మాట మీదే. సిలువే జరగలేదంటే ఆమె పట్టుకున్నది ఎవరిని?

మూడోది మాయమ్మ. మాయమ్మ నా ఉద్యోగం కోసం రొట్టెల పండగకి వచ్చి బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగ రొట్టె పట్టింది, ఉద్యోగం వచ్చాక మళ్ళా వచ్చి రొట్టె వదిలింది. గుణదల మాతకీ మొక్కుతుంది, వేళాంగణికీ పోతుంది. ఆమెకి ముస్లింలంటే ఏ ద్వేషమూ లేదు. అయినా కూతురు కలిమా చదివి ఇస్లాంలో చేరిందంటే మంచం పడుతుంది. పైగా సంబంధాలు చూస్తా ఉన్నారు, అన్నీ ఆర్సీఎం సంబంధాలే. ఏదో ఒకటి తేల్చుకోకుండా ఒకడి జీవితంలోకి పోవడం అన్యాయం అనిపిస్తోంది.

లోపల ఇంత సందేహం పెట్టుకుని కలిమా చదవొచ్చా? తర్వాత తర్వాత అదే సర్దుకుంటుందా? మరియమ్మ మీద నాకున్న ప్రేమ ఏమవుతుంది? ఇంట్లో ఎట్టా చెప్పాలి? ఎవరైనా ఈ దారిలో నడిచినవాళ్ళుంటే చెప్పండి.


ఒంగోలు_విశ్వాసి:

సిస్టర్, మీ సమస్య ఇస్లాం కాదు, మరియమ్మ, పునీతులు, జపమాల ఇవన్నీ మీదేసుకోవడం. మా తాతలు 1878లో వెల్లంపల్లి దగ్గర మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు వాళ్ళలో ఉన్నారు. వాక్యం ఒక్కటే పట్టుకోండి, నేరుగా యేసయ్యతో మాట్లాడండి, ఈ గందరగోళం ఉండదు.


రాత్రి_డ్యూటీ:

థాంక్యూ అన్నా, కానీ ముగ్గురూ ఒక్క దేవుడే అనే త్రిత్వం మీకూ ఉంది కదా, నా మొదటి ప్రశ్న మీ చర్చికి వచ్చినా అట్టనే ఉంటుంది. మరియమ్మ నాకు అడ్డం కాలేదు, నిజం చెప్పాలంటే ఖురాన్ దాకా చెయ్యి పట్టుకుని తీసకపోయింది ఆమే.


కోటమిట్ట_ఇంటావిడ:

చెల్లీ, నేను పుట్టుకతో ముస్లింని, ఇద్దరు పిల్లల తల్లిని. నీ పోస్టు రెండుసార్లు చదివా. మా వాళ్ళు చాలామంది నీకు వెంటనే కలిమా చదివెయ్, రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు అంటారు. వాళ్ళు ప్రేమతోనే అంటారు. నేను మాత్రం ఆగమంటా. కలిమా రెండు వాక్యాలే, ఇద్దరు సాక్షుల ముందు చెప్పడానికి అర నిమిషం పట్టదు, తర్వాత స్నానం చేసి నమాజు మొదలుపెట్టడమే. కానీ రెండో వాక్యం ఏంది? ముహమ్మద్ అల్లా ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం. అంటే ఆయన తెచ్చిన ఖురాన్ మొత్తం అల్లా మాట అని ఒప్పుకోవడం. అందులో 4:157 కూడా ఉంది. అది పక్కన పెట్టి మిగతాది తీసుకుంటా అంటే కుదరదు చెల్లీ, నీకు అబద్ధం చెప్పి లోపలికి పిలవడం నాకు ఇష్టం లేదు. మతంలో బలవంతం లేదు అని 2:256లో ఉంది కదా, నిన్ను నువ్వు బలవంతం చేసుకోవడం కూడా అందులోకే వస్తుందని నేననుకుంటా.

మేము ఆ ఆయత్‌ని (వాక్యాన్ని) ఎట్టా చూస్తామో చెప్తా. ఈసా అలైహిస్సలాంని, అంటే యేసుని, తక్కువ చెయ్యడానికి అది రాలేదు. అల్లా తన ప్రవక్తని శత్రువుల చేతికి వదిలెయ్యలేదు, పైకి ఎత్తుకున్నాడు, ఆయన మళ్ళీ వస్తాడు. ఇది మా నమ్మకం. మీరు నొప్పిలో దేవుణ్ణి చూస్తారు, మేము కాపాడటంలో చూస్తాం. మీ అమ్మమ్మ ఎవరిని పట్టుకుంది అని అడిగావే, దానికి నేను జవాబు చెప్పలేను, ఆమె మనసు అల్లాకి తెలుసు, తీర్పు మన చేతిలో లేదు. నీ ఆ ప్రశ్నకి ఫటాఫట్ జవాబు చెప్పేవాళ్ళు ఎవరైనా వస్తే, ఏ మతం వాళ్ళైనా సరే, కాస్త దూరంగా ఉండు.

మరియమ్మ సంగతి. ప్రేమ పోదు, ఖురాన్‌లో పేరుపెట్టి చెప్పిన ఆడమనిషి ఆమె ఒక్కతే, లోకంలో ఉన్న ఆడవాళ్ళందరిలో ఎన్నుకున్నాడని 3:42లో ఉంది. కానీ ఆమెని అడగడం ఆగిపోతుంది. మాకోసం ప్రార్థించు తల్లీ అనే మాట ఇక ఉండదు, దువా (ప్రార్థన) అల్లాకే. జపమాల చేత్తో తిప్పుతా పెరిగినదానివి, ఆ చెయ్యి ఖాళీ అయినప్పుడు ఎట్టుంటుందో ముందే ఆలోచించుకో. నా ఫ్రెండ్ ఒకామె నీలాగే వచ్చింది, ఆమెకి అన్నిటికంటే కష్టమైంది అదేనని చెప్పేది.

ఇంకోటి. నువ్వు సూరా మర్యమ్ చదివి వస్తున్నావు, మంచిది, కానీ అదొక్కటే చదివి రావద్దు. 4వ సూరా మొత్తం చదువు. ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లాడి వాటాలో సగం, నాలుగు పెళ్ళిళ్ళ దాకా అనుమతి, భార్యాభర్తల గురించి 34వ ఆయత్, ఇవన్నీ చదువు, చదివాక నీకొచ్చే ప్రశ్నలు ఆలిమాని (మతవిద్య చదివిన ఆడమనిషిని) అడుగు, మగ మౌల్వీలు ఒక్కరినే కాదు. నాకు నా జవాబులు ఉన్నాయి, కానీ అవి నీకు సరిపోవాలని లేదు. పెళ్ళి విషయం కూడా తెలుసుకో, ముస్లిం అయ్యాక ముస్లింనే చేసుకోవాలి, మీ నాన్నగారు వలీగా (పెళ్ళికూతురి తరఫు పెద్దగా) ఉండటానికి కుదరదు కాబట్టి ఖాజీయో ఇమామో ఆ చోట నిలబడతారు. నీ పెళ్ళిలో మీ నాన్నకి పాత్ర లేకపోవడం అంటే మాటలు కాదు.

దర్గా గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన నెల్లూరులో బయటివాళ్ళకి ఇస్లాం అంటే బారాషహీద్, కసుమూరు, ఏయెస్ పేటే కనిపిస్తాయి. మా అత్తమ్మ కసుమూరు పోకుండా ఏ శుభకార్యం మొదలుపెట్టదు. మా ఆయన అదంతా షిర్క్, అల్లాకి సాటి కల్పించడం అంటాడు. ఇద్దరూ ఐదు పూటలా నమాజు చేసేవాళ్ళే. నువ్వు కలిమా చదివిన మర్నాటి నుంచి ఈ రెండు వైపులా నిన్ను లాగుతారు. మీ అమ్మ రొట్టె పట్టింది కదా అని ఆమెకి ఇది కొంచెం దగ్గరగా ఉంటుందని లెక్కేసుకోబాక. రొట్టె పట్టడం కోరిక కోసం, అన్ని మతాలవాళ్ళూ పడతారు, పట్టి ఇంటికి పోతారు. కలిమా చదివాక ఇంటికి పోవడం వేరుగా ఉంటుంది.

అమ్మ గురించి మాత్రం ఖురాన్ ఏమందో నీకు పనికొస్తుంది. 31:15. తల్లిదండ్రులు అల్లాకి సాటి కల్పించమని పట్టుబడితే ఆ మాట వినొద్దు, కానీ ఈ లోకంలో వాళ్ళతో మంచిగా మెలుగు అని. మతం మారి అమ్మానాన్నలతో మాట మానేసినవాళ్ళని చూశా. అది దీన్ (మతధర్మం) కాదు.


కావలి_మాస్టారు:

చెల్లెమ్మా, నేను సెమినరీలో ఫిలాసఫీ, కొంత థియాలజీ చదివి, గురుత్వం (ఫాదర్ అవ్వడం) నాకు పిలుపు కాదని తెలుసుకుని బయటికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు కావలిలో పిల్లలకి చెప్పుకుంటున్నా. పైన ఆవిడ రాసింది చదివి నిజంగా గౌరవం కలిగింది, నా వైపు నుంచి కూడా అంతే నిజాయితీగా చెప్పాలని రాస్తున్నా.

ముందు ఒక చెత్త ఏరేద్దాం. త్రిత్వాన్ని 325లో నైసియా సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటేసి పుట్టించాడని నీకు యూట్యూబ్‌లో ఎక్కడో ఒకచోట తగిలి ఉంటుంది. నైసియాలో జరిగిన గొడవ అది కాదు. యేసు దేవుడి చేత సృష్టించబడ్డవాడా, లేక తండ్రితో సమానమైన వాడా అని ఆరియుస్ అనే చర్చి గురువు లేపిన ప్రశ్న అది. ఇద్దరు పోట్లాడుకునే టైముకే యేసుని ఆరాధించడం ఉంది, లేకపోతే గొడవే లేదు. పవిత్రాత్మ గురించిన మాటలు 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో పూర్తయ్యాయి. అంతకు ఎంతో ముందు, 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమన్ గవర్నర్, క్రైస్తవుడు కానివాడు, వీళ్ళు తెల్లవారకముందే చేరి క్రీస్తుని దేవుడిగా ఎంచి పాటలు పాడుతున్నారు అని ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. పౌలుగారి ఫిలిప్పీ లేఖ రెండో అధ్యాయం ఇంకా ముందుది. బైబిల్ పుస్తకాలు ఏరింది నైసియాలోనే అనేది కూడా తప్పే, ఆ సభ ఆ పని చెయ్యలేదు.

అట్లాగే బర్నబా సువార్త అని ఎవరన్నా పంపితే దాన్ని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. దొరికిన ప్రతులు 16వ శతాబ్దం చివరి కాలం నుంచే మొదలు. పైగా అందులో యేసు నేను మెస్సీయాని కాదు అంటాడు, ఖురాన్ 3:45లో ఆయన్ని మసీహ్ అనే పిలుస్తుంది. అంటే అది నీ వైపుకీ పనికిరాదు, వాళ్ళ వైపుకీ పనికిరాదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. మార్కు 13:32, గెత్సెమనే, ఇవి చర్చి దాచిపెట్టిన వాక్యాలు కావు, పూజలో చదివేవే. యేసు నిజంగా మనిషి అయ్యాడు, ఆకలేసింది, భయమేసింది, నేల మీద పడి తండ్రిని వేడుకున్నాడు, అదీ మన విశ్వాసమే. 451లో కాల్సెడోన్ సభ చెప్పింది అదే, పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. నీకు ఉపదేశిగారు రహస్యం అని చెప్పి వదిలేశారంటే ఆయన్ని తప్పుపట్టను, పాపం ఆయనకి ఇచ్చిన శిక్షణ అంత. కానీ 27 ఏళ్ళ ఐసీయూ నర్సువి, పదేళ్ళప్పుడు విన్న జవాబు మీద ఆధారపడి ఇంత పెద్ద ఇల్లు ఖాళీ చెయ్యబోతున్నావు. పెద్దవాళ్ళకి చెప్పే జవాబు విని, అప్పటికీ కాదనిపిస్తే అప్పుడు కాదను.

ఇంకోటి, ఖురాన్ 5:116లో ఈసాని అల్లా అడుగుతాడు, నన్నూ నా తల్లినీ దేవుళ్ళుగా చేసుకోండని నువ్వు చెప్పావా అని. మనం మరియమ్మని దేవుడిగా ఎప్పుడూ అనుకోలేదు. ఆరాధన దేవుడికే, ఆమెకిచ్చేది తల్లికిచ్చే గౌరవం. ముస్లిం పండితులు దీనికి వేరే వివరణలు ఇస్తారు, అవీ విను. కానీ ఖురాన్ కాదంటున్న త్రిత్వం, మనం విశ్వాస సంగ్రహంలో ఒప్పుకునే త్రిత్వం ఒకటేనా అనేది నువ్వు చూసుకోవాల్సిన ప్రశ్న.

సిలువ విషయంలో నీ మనసు ఆగిందంటే ఊరికే ఆగలేదు. యేసు సిలువ మీద చనిపోయాడనేది మతం సంగతి పక్కన పెట్టినా పాతకాలపు చరిత్రలో గట్టిగా నిలిచే విషయాల్లో ఒకటి. పౌలు కొరింతీయులకి రాసిన మొదటి లేఖ సుమారు 55 నాటిది. టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడికి క్రైస్తవులంటే అసహ్యం, ఆయన కూడా తిబెరియస్ కాలంలో పొంతి పిలాతు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు. ఖురాన్ వచ్చింది ఆరువందల ఏళ్ళ తర్వాత. ముస్లింలు దాన్ని చరిత్ర ఆధారంగా నమ్మరు, దైవవాణి అని నమ్ముతారు, అది వాళ్ళ విశ్వాసం, దాన్ని ఎగతాళి చెయ్యను. నువ్వు మాత్రం ఏది ఏ ఆధారం మీద ఒప్పుకుంటున్నావో తెలిసి ఒప్పుకో.

ఇక నమాజు చూసి కదిలిపోయానన్నావు. చార్లెస్ ద ఫూకో అని ఒకాయన ఉన్నాడు, 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు, మన పునీత దేవసహాయం గారిని ప్రకటించిన రోజే. ఈయన ఫ్రెంచి సైనికుడు, కతోలికుడిగా పుట్టి విశ్వాసం పూర్తిగా పోగొట్టుకున్నవాడు. 1883లో మొరాకోలో తిరిగినప్పుడు ముస్లింలు ఐదు పూటలా దేవుడి ముందు నిలబడటం చూసి లోపల కదిలిపోయాడు. అదే కదలిక ఆయన్ని 1886లో తిరిగి చర్చికి తెచ్చింది, గురువయ్యాడు, చివరికి 1916లో సహారాలో ముస్లింల మధ్యే బతుకుతూ చనిపోయాడు. నీకూ అట్లాగే జరగాలని చెప్పట్లేదు. నమాజు చూసి దేవుడి మీద ఆకలి పుట్టడం ఒకటి, ఇస్లాం నిజమని తేలడం ఒకటి, ఆ రెండూ నీ పోస్టులో కలిసిపోయి ఉన్నాయి. 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ సభ ముస్లింలను గౌరవంతో చూడాలనీ, వాళ్ళు ఒక్క దేవుణ్ణే ఆరాధిస్తారనీ, మరియమ్మని గౌరవిస్తారనీ రాసింది. కాబట్టి ఆ అక్క నమాజులో నీకు దేవుడు కనిపించాడంటే చర్చి నిన్ను తప్పు పట్టదు. తెలిసి తెలిసి చర్చిని వదిలి పోవడం మాత్రం చిన్న విషయం కాదని కూడా చర్చి అంటుంది, అది దాచను.


రాత్రి_డ్యూటీ:

అక్కా, మాస్టారూ, మీ ఇద్దరికీ ఎట్టా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. డ్యూటీ దిగి పడుకోకుండా చదువుతా కూర్చున్నా.

మాస్టారూ, నైసియా గురించి నేను విన్నది మీరు తప్పన్న వెర్షనే, సరిచేసినందుకు థాంక్స్. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. ప్లినీ ఉత్తరం చూపించేది అప్పటి క్రైస్తవులు అట్టా నమ్మారని. వాళ్ళు నమ్మింది నిజమని కాదు కదా. వాళ్ళు అప్పటికే దారి తప్పారు, సరిచెయ్యడానికే ఖురాన్ వచ్చింది అని ముస్లింలు అంటారు. ఆ చోట మీ చరిత్ర ఆధారం ఆగిపోతుంది. సిలువ విషయంలో మాత్రం మీరు చెప్పింది నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే అది నమ్మకం కాదు, జరిగిందా లేదా అనే విషయం. ఇద్దరిలో ఒకరే కరెక్ట్ అవ్వాలి. మధ్యలో నిలబడటానికి చోటు లేదు.

అక్కా, 4వ సూరా ఈ వారంలో మొత్తం చదివా. 34వ ఆయత్ దగ్గర పుస్తకం మూసేశా. మళ్ళీ తెరిచా. పౌలుగారు ఆడవాళ్ళు సంఘంలో మాట్లాడకూడదు అన్నదీ గుర్తొచ్చింది, అందుకని ఒకవైపే లెక్క రాయడం లేదు.


కనిగిరి_టీచరమ్మ:

అమ్మాయ్, నేను ఆర్సీఎంలో పుట్టి ఇస్లాంలోకి వచ్చినదాన్ని. ఏళ్ళు గడిచాయి, గవర్నమెంట్ స్కూల్లో పని చేస్తా. మాస్టారు, కోటమిట్ట ఆవిడ చెప్పిన థియాలజీ నాకు రాదు, నేను బతుకులో వచ్చేవి చెప్తా.

చట్టం ప్రకారం మతం మారడానికి మన రాష్ట్రంలో ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, 18 దాటితే చాలు. పేరు మార్చుకోవాల్సిన పని కూడా లేదు, చెడ్డ అర్థం లేకపోతే పాత పేరుతోనే ఉండొచ్చు, నేను అట్లాగే ఉన్నా. పేరు మార్చుకుంటే మాత్రం గెజిట్, పదో తరగతి మెమో, నర్సింగ్ రిజిస్ట్రేషన్, ఆధార్, బ్యాంకు, అన్నిటి చుట్టూ తిరగాలి.

క్యాస్ట్ సర్టిఫికెట్ చూసుకో. మీది బీసీ-సీ అయితే ఆ గ్రూపు ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకీ వాళ్ళ పిల్లలకీ ఇచ్చింది, ఇస్లాంలోకి పోతే అది నీ వెంట రాదు. బీసీ-ఈ ఉంది కదా అనుకుంటావేమో, అది ముస్లింలందరికీ కాదు, లిస్టులో రాసిన తెగలకే, కొత్తగా వచ్చినవాళ్ళకి ఊరికే ఇవ్వరు. గవర్నమెంట్ స్టాఫ్ నర్సు పోస్టుకి రాసే ఆలోచన ఉంటే ఇది చిన్న విషయం కాదు. ఆస్తి గురించి భయపెట్టేవాళ్ళు ఉంటారు, మతం మారితే మీ నాన్న ఆస్తిలో వాటా పోతుందని. అది తప్పు, మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదు. అయినా ఆయన వీలునామా రాస్తే అది వేరే సంగతి.

మసీదులో అందరూ భుజం భుజం కలిపి నిలబడతారు, అది నిజం, నన్ను మొదట లాగింది అదే, మా ఊరి చర్చిలో ఎవరు ఏ పక్క కూర్చోవాలో చెప్పకుండానే అందరికీ తెలుసు కాబట్టి. కానీ పెళ్ళి మాట వచ్చేసరికి షేకులా, సయ్యదులా, దూదేకులా అని అడిగారు. నేను ఏదీ కాదు. చాలా రోజులు సంబంధం కుదరలేదు. ఇది చెప్పకుండా నిన్ను రమ్మంటే పాపం తగులుతుంది.

మా అమ్మ పోయినప్పుడు చర్చిలో పూజ జరుగుతుంటే నేను చివరి బెంచీలో కూర్చున్నా. సత్ప్రసాదం కోసం అందరూ లేచి వరుసలో నిలబడ్డారు, నేను లేవలేదు, మా పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నవంబరు 2న సకల ఆత్మల పండగకి సమాధుల తోటకి పోయి గడ్డి పీకి శుభ్రం చేసి వస్తా, అందరూ పోయాక. నేను తీసుకున్న దారి మీద నాకు ఏ అనుమానమూ లేదు, అల్లా నాకు ఇచ్చిన శాంతి నిజం. కానీ ఆ చివరి బెంచీ కూడా ఈ దారిలోనే ఉంది, అక్కడ కూర్చోగలవా అని చూసుకో.

చెప్పే పద్ధతికి వస్తే, కలిమా చదివేశాక చెప్పడం వద్దు. మా ఇంట్లో నన్ను ఎక్కువ కోసింది మతం కాదు, మాకు చెప్పకుండా చేశావు అనేదే. సందేహంలో ఉన్నప్పుడే చెప్పు. తమ్ముడికి ముందు చెప్పు, సెమినరీలో వీటి గురించి చదువుతాడు కాబట్టి అమ్మలాగా కేకలు పెట్టడు. సంబంధాలు ఆపమని చెప్పడానికి మతం మాటే ఎత్తక్కర్లేదు, ఒక ఏడాది ఆగమను.


కావలి_మాస్టారు:

చెల్లెమ్మా, ప్లినీ గురించి నీ పాయింటు కరెక్టే. మొదట్నుంచీ నమ్మారనడానికే అది సాక్ష్యం, నిజమనడానికి కాదు. ఆ రెండో దానికి పునరుత్థానం దగ్గరికి పోవాలి, అది జరిగితే మిగతాదంతా నిలబడుతుంది, జరగకపోతే మా విశ్వాసం వ్యర్థం అని పౌలే రాశాడు, 1 కొరింతీ 15. నిజంగా తేల్చుకోవాలంటే అక్కడ తేల్చుకో. టీచరమ్మా, మీ చివరి బెంచీ మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయా. మా చర్చి గురించి మీరు చెప్పిన ఎవరు ఏ పక్క అనే మాట నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు, సిగ్గుంది.


రాత్రి_డ్యూటీ:

నేను ఇప్పుడు కలిమా చదవట్లేదు. వదిలేసి వెనక్కి పోవడమూ లేదు. 4:157, 1 కొరింతీ 15, ఈ రెండూ తేలకుండా ఏ వైపూ మాట ఇవ్వను. తమ్ముడు సెలవులకి వచ్చినప్పుడు మొదట వాడికి చెప్తా. మాయమ్మకి ఫోన్ చేసి సంబంధాలు ఏడాది ఆపమన్నా, ఎందుకే అంది, వచ్చినప్పుడు చెప్తా అన్నా. మా విచారణ (పారిష్) ఫాదర్‌ని కూడా అడగాలనుకుంటున్నా కానీ ఆయన వెంటనే ఇంట్లో చెప్పేస్తారేమోనని భయం.

కోటమిట్ట అక్కా, ఒక్కటి అడుగుతా. కలిమా చదవకుండా రోజా (ఉపవాసం) ఉండొచ్చా? నమాజు పక్కన నిలబడొచ్చా? ఇదేమన్నా మోసం అవుతుందా?


కోటమిట్ట_ఇంటావిడ:

మోసం కాదు చెల్లీ. నీ పక్కన ఉన్న అక్కకి మాత్రం చెప్పి నిలబడు, నేనింకా తేల్చుకోలేదు అని, ఆమె నీ గురించి తప్పుగా ఆశ పెట్టుకోకుండా. రోజా ఎవరైనా ఉండొచ్చు, కలిమా లేకపోతే అది మా లెక్కలో ఫర్జ్ (తప్పనిసరి విధి) అవ్వదు, అంతే. నైట్ డ్యూటీ ఉన్న రోజు సహర్‌కి (తెల్లారకముందు తినే భోజనానికి) ఏమీ తినకుండా ఉండబాక, ఐసీయూలో కళ్ళు తిరిగి పడితే పేషెంటుకి ప్రమాదం. ఖర్జూరాలు, గుడ్లు పెట్టుకో.


కావలి_మాస్టారు:

ఫాదర్ విషయం. పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) చెప్పింది ఆయన ఎవరికీ చెప్పకూడదు, మీ అమ్మకే కాదు, బిషప్‌కి కూడా. ఆ ముద్ర విప్పితే ఆయనకి చర్చి చట్టంలో అన్నిటికంటే పెద్ద శిక్ష పడుతుంది. కాబట్టి అక్కడ చెప్పు, భయం లేదు. చర్చ పొడుగ్గా చెయ్యాలంటే మీ విచారణ కాకుండా నెల్లూరు మేత్రాసనంలోనే (డయోసిస్‌లోనే) వేరే ఊరి ఫాదర్‌ని ఎవరినైనా కలువు, ముందే ఫోన్ చేసి ఒక గంట టైము కావాలని అడిగి పో, ఆదివారం పూజ అయ్యాక మాత్రం వద్దు, ఆ రోజు ఎవరికీ తీరిక ఉండదు. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పో.